ఎడమ చెంప

"ముట్టుకోకు, మండుతోంది," అన్నాడు భర్త, గోడవైపు తిరిగి పడుకుంటూ.

ఆమె చాచిన చెయ్యి వెనక్కి తీసుకుంది.

ఇద్దరి మధ్యా ఒక దిండు ఉంది. ఏడు నెలల క్రితం ఎడమ చెంప మీద ఎర్రటి మచ్చ లేచినప్పుడు ఆయనే పెట్టాడు. "నీకు అంటుకుంటుందేమో" అన్నాడు. మచ్చ చెంప మీంచి చెవి కిందికి, అక్కణ్ణించి మెడ మీదికి పాకింది. దిండు మాత్రం కదల్లేదు.

ఆయన టైర్ల కంపెనీలో ఇన్‌స్పెక్టరు. నెలకి పది రోజులు క్యాంపు. ఆమె ఇంట్లోనే మిషన్ మీద స్కూలు యూనిఫారాలు కుడుతుంది. మిషన్ నడిచినంతసేపూ ఇంట్లో చప్పుడు ఉంటుంది. అది ఆపితే ఇంకేమీ ఉండదు.

మచ్చ తగ్గితే దిండు పోతుంది. మనిషి ఇటు తిరుగుతాడు. పొద్దున్నే దీపం పెట్టి ఆమె దేవుణ్ణి అడిగేది ఇదొక్కటే. ఇంత చిన్న కోరిక ఆ దేవుడికి ఎందుకు వినబడటం లేదా అని అప్పుడప్పుడూ అనిపించేది. అనిపించినందుకు లెంపలు వేసుకునేది.

చివరికి పోరు పెట్టి చర్మం డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది.

"అంటుకుంటుందా డాక్టరుగారూ?" ముందు అదే అడిగింది.

"అంటుకునేదైతే రోజుకి నలభై మందిని ముట్టుకునేవాణ్ణి, నాకీపాటికి ఒళ్ళంతా ఉండాలమ్మా!" డాక్టరు నవ్వాడు. మాటకారి మనిషి. "ఇది డెర్మటైటిస్. అంటే చర్మం అలిగింది. ఎందుకలిగిందో మనం కనుక్కోవాలి. చుండ్రు రకమైతే కనుబొమల్లో, ముక్కు పక్కన పొట్టు రాలుతుంది. చిన్నప్పట్నుంచీ ఉండే రకమైతే మోచేతి మడతల్లో, మోకాళ్ళ వెనకాల వస్తుంది. మీవారికి ఒక్క పక్కనే వచ్చింది. అంటే ఆ పక్కన ఏదో తగులుతోంది. పూత రాస్తే తగ్గుతుంది. తగిలేది తగులుతూనే ఉంటే మళ్ళీ వస్తుంది."

ఆమె ఒక నోటు పుస్తకం పెట్టింది. స్నానం సబ్బు మార్చింది. గడ్డం క్రీము మార్చింది. బట్టల పొడి మార్చింది. దిండు గలేబులు వేడినీళ్ళలో ఉడకేసింది.

"ఇంట్లో సీఐడీని పెట్టుకున్నట్టుంది," అని విసుక్కున్నాడు భర్త.

"దొంగ దొరికితే నేనే రాజీనామా చేస్తాలెండి."

క్యాంపు నుంచి వచ్చిన మర్నాడు మచ్చ మరీ ఎర్రగా ఉండేది. లాడ్జి దిండ్ల మీద ఎవరెవరు పడుకుంటారో అనుకుని ఆమె ఇంటి గలేబు, సబ్బు, తువ్వాలు సంచిలో సర్ది పంపింది. గలేబు పెట్టిన మడత పెట్టినట్టే తిరిగొచ్చింది.

"మర్చిపోయాను," అన్నాడు.

"తలకాయ మర్చిపోకుండా తెచ్చారు, అదే పదివేలు."

ఆయన నవ్వలేదు.

రెండోసారి వెళ్ళినప్పుడు, ఏది పడటం లేదో చూడ్డానికి డాక్టరు ఆయన వీపు మీద చిన్న చిన్న బిళ్ళలు వరసగా అతికించాడు. ఒక్కోదాన్లో ఒక్కో మందు. రెండు రోజులకి తీశాడు. ఇంకో రెండు రోజులాగి మళ్ళీ రమ్మన్నాడు. వెళ్ళేసరికి అన్ని చోట్లా మామూలుగానే ఉంది. ఒక్కచోట మాత్రం ఎర్రగా పొంగింది.

"దొరికాడు దొంగ!" డాక్టరు చిటిక వేశాడు. "జుట్టుకేసుకునే నల్లరంగు."

డాక్టరు భర్త తల వైపు చూశాడు. అంతా తెలుపే. ఆ చూపు పక్కకి తిరిగి ఆమె జడ మీద ఆగింది. నల్లగా, నిగనిగలాడుతూ నడుం దాకా ఉంది.

"అదీ సంగతి. ఇలాంటివి చూస్తూనే ఉంటాను. వేసుకున్న మనిషికి ఏమీ కాదు, పక్క మనిషికి పడదు. తల ఆనించిన చోటే మంట. ఏమ్మా, ఎన్నాళ్ళ నుంచి వేసుకుంటున్నారు?"

భర్త తన చెప్పుల వైపు చూసుకుంటున్నాడు.

"ఏడాదైంది డాక్టరుగారూ," అంది ఆమె. "ఇక మానేస్తాను."

"చూశారా సార్, మీ కోసం ఎంత త్యాగమో!"

బస్సులో ఆమె జడ ముందుకి వేసుకుని కూర్చుంది.

ఆ నెల ఆయనకి క్యాంపులేవీ పడలేదు. రోజూ సాయంత్రం ఆమె పూత రాసింది. ఆయన రాయనిచ్చాడు. ఎరుపు గులాబీ రంగుకి దిగింది. తర్వాత పొట్టు రాలింది. మూడోవారం చెంప మామూలు చెంపైపోయింది. ఒకరోజు పొద్దున లేచేసరికి మధ్యన ఉండాల్సిన దిండు కింద పడి ఉంది. ఆయన తియ్యలేదు. ఆమె తీసి బీరువా పైన పడేసింది. ఆ పూట దీపం ముందు చాలాసేపు కూర్చుంది. అడగడానికి ఏమీ లేక, ఊరికే కూర్చుంది.

తర్వాతి సోమవారం ఆయన క్యాంపుకి వెళ్ళాడు.

శుక్రవారం సాయంత్రం వచ్చాడు. బూట్లు విప్పుతుంటే వెలుగు మొహం మీద పడింది. ఎడమ చెంప మళ్ళీ ఎర్రగా ఉంది. చెవి కింద దాకా.

ఆమె చూసింది. ఆమె చూడటం ఆయనా చూశాడు.

"ఏం, మళ్ళీ వేసుకున్నావా రంగు?" అన్నాడు, తువ్వాలు మెడకి చుట్టుకుంటూ.

మిషన్ మీద సగం కుట్టిన చొక్కా చెయ్యి వేలాడుతోంది. ఆమె దాన్ని మడిచి పైకి పెట్టింది.

"వేసుకున్నానండీ. బుద్ధి తక్కువై."

పూత ట్యూబు తెచ్చి ఆయన చేతికిచ్చింది. ఈసారి తను రాయలేదు.

వాళ్ళమ్మ పోలిక కాబోలు, యాభై రెండేళ్ళు వచ్చినా ఆమె జుట్టుకి రంగు వేయాల్సిన అవసరం ఇంతవరకూ ఒక్కసారి కూడా రాలేదు.