ఎగువ బావి

"మీ టాంకు కారి నా బావి పాడైంది," అన్నాడు పెద్దాయన.

"ముప్పై ఏళ్లు నా బంకులో టాంకులు కొలిచి, ఇప్పుడు నా మీదే అర్జీ పెడతావా? పోయినేడు పనిలోంచి తీసేశానని కదూ ఈ కక్ష?" అన్నాడు పెట్రోల్ బంకు యజమాని.

ఇద్దరి మధ్యా నిలబడ్డ మట్టి మేడం ఎవరి వైపూ చూడలేదు. పెద్దాయన పెరటి బావిలోంచి తోడిన నీళ్లను గాజు సీసాలో పోసి ఎండకు ఎత్తి పట్టుకుంది. నీటి మీద సన్నటి పొర రంగురంగులుగా మెరుస్తోంది. వాసన గుప్పున కొట్టింది. పెట్రోలే, సందేహం లేదు.

భూమిలో పాతిన టాంకులు కారుతున్నాయో లేదో తేల్చడం ఆమె ఉద్యోగం. ఎక్కడికెళ్లినా ముందు గుప్పెడు మట్టి తీసి వాసన చూస్తుందని ఆఫీసులో ఆ పేరు పెట్టారు.

పనివాళ్లు పొడవాటి బరమాతో బావికీ బంకుకీ మధ్య మూడు చోట్ల లోతుగా రంధ్రాలు వేశారు. అడుగు అడుగుకూ పైకి వచ్చిన మట్టిని మేడం ముక్కు దగ్గర పెట్టుకుంది. తర్వాత ఆవిర్లు పసిగట్టే మిషను ముందు పెట్టింది. మొదటి రంధ్రంలో సున్నా. రెండో దాంట్లో సున్నా. మూడోది కూడా అంతే.

"చూశారా?" అన్నాడు యజమాని.

మేడంకి ఆశ్చర్యంగా ఉంది. టాంకులోంచి కారిన పెట్రోలు దారిలో మట్టిని తడపకుండా బావిలోకి ఎలా దూకింది? టేపు దించి బావిలోనూ రంధ్రాల్లోనూ నీటిమట్టం కొలిచింది. బావిలో నీళ్లు బంకు దగ్గర కంటే రెండు మూరలు ఎత్తులో ఉన్నాయి. మళ్లీ కొలిచింది. అదే లెక్క.

"భూమిలో నీళ్లు ఈ బావి వైపు నుంచి మీ బంకు వైపుకి పోతున్నాయి. బంకు నుంచి ఇటు రావు. నీరు పల్లమెరుగు అంటారు కదా," అంది.

"నిజము దేవుడెరుగు. ఇప్పుడు మీరూ ఎరిగారు. ఆ ముక్క కాగితం మీద రాసిచ్చేయండి మేడం," అన్నాడు యజమాని హుషారుగా.

"రాస్తాను. ఇంతకీ బంకు దాటాక పల్లం ఎటు?"

యజమాని చెయ్యి లేవబోయి ఆగింది. "అటు చిన్నపిల్లల బడి ఉంది. అయినా అర్జీ బావి గురించే కదా, అటు దేనికి?"

"వచ్చాను కదా, చూసి పోతాను."

నాలుగో రంధ్రం టాంకులకు దిగువన వేయించింది. ఎనిమిది అడుగుల వరకూ ఎర్రమట్టే వచ్చింది. తొమ్మిదో అడుగులో బూడిదరంగు మట్టి, జిగటగా. ముక్కు దాకా తేకముందే మేడం కళ్లు మండాయి. మిషను ఆగకుండా కీచుమంది. బరమా పట్టుకున్నవాళ్లు తమంతట తామే రెండడుగులు వెనక్కి వేశారు.

అక్కడి నుంచి బడి గోడ వరకూ రంధ్రాలు వేయిస్తూనే పోయింది. వాసన గోడకు ఇరవై అడుగుల దూరంలో ఆగిపోయింది. బడి బోరు నీళ్లకు మిషను కీచుమనలేదు. అయినా లాబు నుంచి జవాబు వచ్చేదాకా ఆ నీళ్లు ఎవరూ ముట్టకూడదని హెడ్ టీచరమ్మకు చెప్పి, బోరు స్విచ్చు దగ్గరుండి ఆపించింది.

"నిజంగా నాకు తెలీదమ్మా," అన్నాడు యజమాని. ఆయన గొంతులో ఇందాకటి హుషారు లేదు. "మా మనవరాలు కూడా ఆ బడిలోనే చదువుతోంది."

సాయంత్రానికి పంపులకు తాళాలు పడ్డాయి. టాంకులు ఖాళీ చేయడానికి లారీ వచ్చింది.

వెళ్లబోతూ మేడం పెద్దాయన పెరట్లోకి వచ్చింది. పని అయిపోయింది కానీ ఒక్క సంగతి ముల్లులా గుచ్చుతూనే ఉంది.

"బాబాయిగారూ, మీరు ఎగువన ఉన్నారు. కారిందంతా దిగువకే పోయింది. మీ బావి చుట్టూ మట్టి శుభ్రంగా ఉంది. పైనుంచి ఎవరో పోస్తే తప్ప ఇందులోకి పెట్రోలు రావడానికి దారి లేదు. ఎవరు పోశారంటారు?"

పెద్దాయన బావి గట్టు మీద చెయ్యి ఆనించి, బడి వైపు చూశాడు.

"టాంకు కారుతోంది, కింద పిల్లలున్నారు, వచ్చి చూడండని మీ ఆఫీసుకి ఏడు అర్జీలు పెట్టానమ్మా, ఒక్కరూ రాలేదు. బావిలో లీటరు పోసుకుని ఎనిమిదోది పెట్టాను, మీరొచ్చారు."