నూనెకీ నీళ్ళకీ నడుమ

ఫ్లాకీ, నా బక్కపిల్లా,

నిన్న మా లిసాండ్రో పేరున సంతాప సభ అని, ఈ కోర్డొబా ఎండలో నన్ను వాడి ల్యాబుకి పిలిచారు. పెద్ద ప్రొఫెసరు కొత్త టై కట్టుకొచ్చాడు. ఏడుపు కూడా అద్దం ముందు సాధన చేసినట్టుంది.

గాజు గిన్నెలో అడుగున నూనెట, పైన నీళ్ళట. వీళ్ళ దగ్గర నూనె కూడా తలకిందులే.

"ఈ రెండూ కలవవమ్మా. మధ్యలో వెలుగు పడితే మాత్రం ఇటునుంచి అటు ఒక ఎలక్ట్రాన్ దూకుతుంది" అంటూ నా చేత స్విచ్చి నొక్కించాడు. తెరమీద గీత లేచింది.

"అటెళ్ళింది మళ్ళీ ఇటొస్తుందా, సారూ?"

"మామూలుగా వెంటనే వచ్చేస్తుంది. మీవాడు దాన్ని రానివ్వకుండా ఆపాడు! అదే మా గెలుపు."

అందరూ చప్పట్లు. పోయింది తిరిగి రాలేదని, కొడుకు పోయిన తల్లి ముందు చప్పట్లు! చదువుకున్న గాడిదలు.

గుమ్మం దాకా సాగనంపుతూ గొప్పగా చెప్పాడు: "ఆ పిల్ల మోటార్‌సైకిలు అంత జోరుగా తోలకపోతే మనవాడు బతికుండేవాడమ్మా. అందుకే దాన్ని ఈ గడప తొక్కొద్దన్నాం."

"అది నా కొడుకు మనసిచ్చిన పిల్ల. రావద్దనడానికి నువ్వెవడివిరా?" అని వచ్చేశాను.

బండి తోలింది నువ్వేనని నాకు మొదటినుంచీ తెలుసు తల్లీ. వాడు ఎలాగూ రాడు. నువ్వు రాగలవు. ఆదివారం మొక్కజొన్న లొక్రో వండుతాను, వచ్చి వాడి కుర్చీలో కూర్చో.

తిండి మానేశావని మీ అమ్మ చెప్పింది. అందాకా కడుపునిండా తిను.