ఐదో ఇల్లు

కూతురు సీసాలో నీళ్ళు పోస్తోంది. తండ్రికి రోజు మొత్తానికీ అవే నీళ్ళు. మార్కరుతో గీసిన గీత దాకా పోసి, సీసాని కళ్ళ ఎత్తులో పట్టుకుని చూసి, కాస్త ఎక్కువైతే మళ్ళీ గిన్నెలోకి ఒంపేస్తుంది. ఆయన కిడ్నీలు పాడైనప్పటి నుంచి పొద్దున్నే ఆ పని ఈ పిల్లదే.

"ఇంకోసారి పొయ్యి తల్లీ," అంది టీవీ మేడమ్. "నాన్నగారు ఇంకో గ్లాసు తాగాలి. ఇందాక మొహం మీద వెలుగు పడలేదు."

"పొద్దుటి గ్లాసు అయిపోయిందండీ," అంది భార్య. "ఇప్పుడు తాగేస్తే సాయంత్రానికి ఉండవు."

మేడమ్ కాస్త ఆలోచించి, తాగినట్టు నటిస్తే చాలంది. ఆయన ఖాళీ గ్లాసు ఎత్తి గుటకలు వేశాడు. నిజంగా తాగినప్పటి కంటే ఇదే బాగా వచ్చిందని కెమెరా అతను మెచ్చుకున్నాడు.

ఐదుగురు రోగులు, ఒకే ఆపరేషన్. అదీ ఆట. కిడ్నీ ఇవ్వడానికి భార్య సిద్ధంగానే ఉంది, సరిపోతుందని డాక్టర్లూ చెప్పారు. ఆపరేషన్ చేయించే తాహతే లేదు. ఐదు ఇళ్ళలో తీసిన ఐదు చిన్న సినిమాలు చూసి జనం ఫోన్లలో ఓటేస్తారు. ఎవరికి ఎక్కువ పడితే వాళ్ళకి ఛానలే ఆపరేషన్ చేయిస్తుంది. మిగతా నలుగురి ఇళ్ళలో షూటింగ్ అయిపోయింది. ఇది ఐదో ఇల్లు.

ఆయన కుట్టుమిషన్ల మెకానిక్. ఉన్నది ఒక గది, దాన్నానుకుని వంటగది. బాగుచెయ్యమని ఇచ్చిన మిషన్లన్నీ ఓ మూలకి నెట్టి కెమెరాకి చోటు చేశారు. పక్కింటావిడ కిటికీ దగ్గర నిలబడి, టీవీలో తనూ పడుతుందేమోనని జుట్టు సర్దుకుంటోంది.

మేడమ్ వయసులో చిన్నది, నెమ్మదస్తురాలు. వచ్చీ రాగానే భార్యని అక్కా అని పిలిచింది. ఆమె చేతిలో లావుపాటి పుస్తకం ఉంది. ఈ ఆట ఇప్పటికి పదకొండు దేశాల్లో ఆడారట. ఎవరిని ఎక్కడ కూర్చోబెట్టాలో, ఎప్పుడు ఏం అడగాలో అంతా అందులో ఉందట. దేశం మారితే భాష మారుతుంది తప్ప ఏడుపు మారదని ఆమె నవ్వుతూ చెప్పింది.

"మా మిషన్లూ అంతేనమ్మా. ఏ కంపెనీదైనా సూది ఒక్కచోటే విరుగుతుంది," అన్నాడు మెకానిక్. "కాకపోతే వాటికి సామాను దొరికితే చాలు. నాకు సామాను ఇంట్లోనే ఉంది, బిగించే కూలికే డబ్బుల్లేవు."

ఆ మాట మళ్ళీ చెప్పించి తీసుకున్నారు. రెండోసారి ఆయనకి నవ్వు రాలేదు.

తర్వాత మేడమ్ భార్యని వంటగదిలోకి పిలిచి తలుపు దగ్గరికి వేసింది. నాన్న సంగతి పాపకి తెలుసా అని అడిగింది. తెలియదు, ఒంట్లో బాగాలేదని మాత్రమే చెప్పామంది భార్య. అయితే ఇప్పుడు చెప్పాలంది మేడమ్. కెమెరా ముందు.

"పిల్ల జడుసుకుంటుందమ్మా."

"చెప్పని ఇంటికి ఓట్లు పడవక్కా. ఆ సంగతి దాచి మిమ్మల్ని మోసం చెయ్యలేను."

భార్య పొడిగా ఉన్న గట్టునే గుడ్డతో చాలాసేపు తుడిచింది. ఇవాళ చెప్పకపోతే రేపు ఆయన పోయాక ఎలాగూ తెలుస్తుంది. గదిలోకి వచ్చి భర్త చెవిలో అదే చెప్పింది. ఆయన వద్దన్నాడు. ఆమె ఆయన చెయ్యి పట్టుకుని వదల్లేదు. చివరికి ఆయన తల దించుకుని కూర్చున్నాడు.

పిల్లని తండ్రి పక్కన కూర్చోబెట్టారు. తల్లి ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుని, ఆపరేషన్ కాకపోతే నాన్న మనకి ఉండడని చెప్పింది.

"తెలుసమ్మా," అంది పిల్ల.

తల్లి మోకాళ్ళ మీదే కాస్త వెనక్కి జరిగింది.

"ఆస్పత్రికెళ్ళినప్పుడు ఫైలు మోసేది నేనే కదా. నాకు చదవడం వచ్చుగా. నాకు తెలుసని తెలిస్తే నువ్వు ఏడుస్తావని నేనే చెప్పలేదు."

కెమెరా అతను మేడమ్ వైపు చూశాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. పిల్ల పక్కన చతికిలబడి, ఇప్పుడే మొదటిసారి వింటున్నట్టు చెయ్యాలని, అలా చేస్తే నాన్నకి నయమవుతుందని బుజ్జగించింది. పిల్ల తల్లి మొహంలోకి చూసింది. తల్లి సరేనన్నట్టు తలాడించింది.

మొదటిసారి కన్నీళ్ళు రాలేదు. రెండోసారి వచ్చాయి కానీ, ఆలస్యంగా వచ్చాయన్నారు. మూడోసారి తల్లి మాట పూర్తికాకముందే పిల్ల బావురుమంది. తండ్రి చొక్కా రెండు చేతులా పట్టుకుని, నన్నొదిలి వెళ్ళకు నాన్నా అంటూ వెక్కిళ్ళు పెట్టింది. లైటు పట్టుకున్న అమ్మాయి కూడా మొహం పక్కకి తిప్పుకుంది.

మేడమ్ చెయ్యెత్తగానే ఏడుపు ఆగిపోయింది. పిల్ల ముక్కు తుడుచుకుంది.

"సరిపోయిందా ఆంటీ? ఇంకొంచెం గట్టిగా ఏడవనా?"

తండ్రి తన చొక్కా మీంచి ఆ వేళ్ళని ఒక్కొక్కటే విడదీశాడు. కాలరుకి తగిలించిన మైకు తీసి బల్ల మీద పెట్టి లేచాడు.

"ఏమండీ," అంది భార్య.

ఆయన ఆగలేదు. తలుపు తీసుకుని బయటికి వెళ్ళిపోయాడు.

భార్య మేడమ్ రెండు చేతులూ పట్టేసుకుంది. ఆయన కోపం ఎంతోసేపు ఉండదని, తనే వెళ్ళి తీసుకొస్తానని, మా పేరు మాత్రం కొట్టెయ్యొద్దని బతిమాలింది. మేడమ్ మెల్లగా ఒక చెయ్యి విడిపించుకుని, మోగుతున్న ఫోను చెవికి ఆనించుకుంది. ఎదురింటి గోడ వారన, ఈ గుమ్మం వైపే కెమెరా గురిపెట్టుకుని పొద్దుటి నుంచి నిలబడ్డ మనిషి గొంతు అందులోంచి సన్నగా వినిపించింది.

"బయటికొచ్చేశాడు మేడమ్. మిగతా నలుగురు పేషెంట్ల కంటే ఈయనే తొందరగా లేచొచ్చాడు."