ఆఖరి కొట్టు

"గేటు పక్క కొట్టు నాకే కావాలి!" గొడుగులాయన గొంతు చించుకున్నాడు.

"నీకిచ్చేస్తే మేమంతా గోళ్లు గిల్లుకుంటూ కూర్చోవాలా?" బొమ్మలు అమ్మే ఆవిడ ఎదురుతిరిగింది.

రోడ్డు వెడల్పు చేస్తున్నారని, పేవ్‌మెంటు మీది వ్యాపారులందరికీ నగరపాలక సంస్థ కొత్త మార్కెట్ కట్టించింది. కొట్లన్నీ పొడుగాటి వరసలో ఉన్నాయి. లోపలికి పోయినకొద్దీ బేరాలుండవని అందరి భయం. ఆ భయం ఊరికే పుట్టలేదు. ఇదివరకు ఇలాగే కట్టిన మార్కెట్లో ఇప్పుడు గబ్బిలాలు కాపురం చేస్తున్నాయి.

ఈమధ్యే వేరే ఊరి నుంచి బదిలీ అయి వచ్చిన ఇంజనీరు ఆ గోలకి బిక్కమొహం వేశాడు. పక్కనే ఉన్న మార్కెట్ల అధికారి మాత్రం చెక్కుచెదరలేదు. ఆవిణ్ణి అందరూ మేడమ్ అంటారు.

"జనం గేటు దగ్గరే కొనుక్కుని వెనక్కి తిరిగితే ఈ వరస బతకదు," అంది మేడమ్. "ఎవర్ని వెతుక్కుంటూ జనం వస్తారో వాళ్లు ఆఖర్న ఉండాలి. అప్పుడు దారిలో ఉన్న కొట్లన్నిటి మీదా వాళ్ల చూపు పడుతుంది."

"చెప్పడానికి బాగానే ఉంది. ఆఖరికి పోయేదెవరు?" అన్నాడు గొడుగులాయన.

మేడమ్ జిప్పుల మామ్మ వైపు తిరిగింది. బడిసంచీ తెగినా, సూట్‌కేసు నోరు తెరిచినా ఊరు ఊరంతా ఆ మామ్మ దగ్గరికే పరిగెత్తుతుంది.

"అమ్మా, ఆఖరి కొట్టు నీది."

ఇంజనీరుకి మనసు చివుక్కుమంది. అంత పెద్దావిణ్ణి పట్టుకుని నువ్వు అనడమేమిటి?

"మోకాళ్ల నొప్పులదాన్ని. అంత దూరం ఎలా నడవమంటారు మేడమ్ గారూ?" మామ్మ దీర్ఘం తీసింది.

"మెల్లగా నడువు."

అంతే, అంతదాకా జుట్లు పట్టుకోబోయినవాళ్లు చప్పున చల్లారిపోయారు. "మాకు ఎక్కడిచ్చినా సరే మేడమ్," అన్నాడు గొడుగులాయన తల దించుకుని. బొమ్మలావిడ కూడా వెనక్కి తగ్గింది. నోరులేని ముసలామె మెడకి గుదిబండ తగిలించగానే వీళ్ల ప్రాణం కుదుటపడిందన్నమాట, అనుకున్నాడు ఇంజనీరు ఏవగింపుగా.

ఆఫీసుకి రాగానే అడిగేశాడు. "ఆవిడకి ముందు కొట్టు ఇవ్వాల్సింది మేడమ్. మోకాళ్లు చూశారుగా."

"మోకాళ్లు చూసి కొట్లిస్తే అది మార్కెట్ కాదు, ఆసుపత్రి అవుతుంది."

"పోనీ మధ్యలో ఎక్కడైనా..."

"ఆమెని ఒక్క అడుగు ముందుకి జరిపినా రేపు నా మాట ఎవరూ వినరు. వెళ్లి దీపాల పని చూడండి."

పంతం కాకపోతే ఇంకేమిటి అనుకుంటూ బయటికొచ్చాడు.

మార్కెట్ తెరిచిన కొత్తల్లో ఈగలే తిరిగాయి. బొమ్మలావిడ మళ్లీ రోడ్డెక్కుతానని మూట కట్టుకుంది కూడా. ఇంతలో బడులు తెరిచారు. తెగిన సంచులతో తల్లులు, వెనక పిల్లలు, మామ్మని వెతుక్కుంటూ ఆ కొస దాకా నడిచారు. బొమ్మల దగ్గర పిల్లలు మొండికేశారు. వానలు పడేసరికి గొడుగులాయనకి కూర్చునే తీరికే లేకపోయింది. కట్టిన మూట బొమ్మలావిడే విప్పేసుకుంది.

ఒక మధ్యాహ్నం పైకప్పు కారుతోందంటే ఇంజనీరు చూడ్డానికి వచ్చాడు. వరస మధ్యలో గట్టు మీద కూలబడి జిప్పుల మామ్మ మోకాళ్లు రుద్దుకుంటోంది.  ఆవిడ పనిముట్ల పెట్టె అతను అందుకుని, ఆవిడ నడకకి తగ్గట్టు పక్కనే నడిచాడు.

"మామ్మగారూ, మీరొక్క ఫిర్యాదు ఇవ్వండి. కమిషనర్ గారి దగ్గరికి నేను తీసుకెళ్తాను."

"ఎవరి మీద?"

"ఇంకెవరి మీద? మేడమ్ మీద! మార్కెట్ నిలబడింది, కాదనను. కానీ అంత రాతిగుండె నేనెక్కడా చూడలేదు. ఏ తల్లి కన్నదో గానీ!"

మామ్మ అతని చేతిలో పెట్టె అందుకుని, ఆఖరి కొట్టు తలుపు తీసింది.

"నేనే, బాబూ."