ఆఖరి లింకు

"అమ్మాయ్, మా ఆవిడ పేరు నొక్కితే ఎవరో పిల్లాడి ఫొటో వస్తోంది," అన్నాడు ఫోన్లో ముసలాయన.

హాల్డిస్‌ మున్సిపాలిటీ ఆఫీసులో తన కంప్యూటర్ వైపు తిరిగింది. "క్షమించండి టోర్లైఫ్ గారూ. ఒక్క నిమిషం లైన్లోనే ఉండండి."

స్కారెలియాలో కొండవాలు విరిగి, ఎనిమిది ఇళ్లూ పదకొండు మంది మనుషులూ కిందనున్న ఫ్యోర్డ్ అనే సముద్రపు పాయలోకి జారిపోయారు. విచారణ సంఘం దాని మీద పద్దెనిమిది వందల పేజీల నివేదిక ఇచ్చింది. మున్సిపాలిటీ తన వెబ్‌సైట్ కోసం ఆరు పేజీల సారాంశం రాయించి, అందరికీ తెరిచేముందు చూసుకోమని ఆ కుటుంబాలకు మాత్రం పంపింది. అందులో చనిపోయినవాళ్ల పేరు నొక్కగానే పెద్ద నివేదిక పీడీఎఫ్‌లో సరిగ్గా వాళ్ల పేజీయే తెరుచుకోవాలి. తమ మనిషిని వెతుక్కుంటూ ఎవరూ పరాయివాళ్ల చావులు దాటుకుంటూ పోకూడదు. ఆ పని హాల్డిస్ అడిగి మరీ తీసుకుంది.

తప్పు దొరికింది. ఆవిడ పేజీ కింద అచ్చయిన నంబరు 402. ముందున్న విషయసూచికా అవీ పద్నాలుగు పేజీలు కలిపితే కంప్యూటర్ లెక్కలో అది 416. మిగతా పేర్లన్నిటికీ ఆ పద్నాలుగూ కలిపింది, ఈ ఒక్కదానికి మరిచిపోయింది. సరిచేసింది.

"ఇప్పుడు నొక్కండి."

అవతల మౌస్ టిక్కుమంది.

"ఆ... వచ్చింది. ఎర్ర స్వెట్టర్‌లో ఉంది. నేనల్లిందే. చేతులు పొడుగైపోయాయని ఎంత తిట్టిందో." ముక్కు చీదాడు. "నీ మేలు మర్చిపోనమ్మా."

హాల్డిస్ చప్పున ఫోన్ పెట్టేసింది.

సెక్షన్ పెద్ద యింగ్వె వాఫుల్ ప్లేటు పట్టుకుని వచ్చాడు. "శుక్రవారం సాయంత్రం కూడా కుర్చీ వదలవా? నాలుగు నెలలుగా ఒక్క సెలవు లేదు. అక్కడ పోయినవాళ్లలో నీవాళ్లెవరూ లేరు కదా, ఎందుకింత నెత్తినేసుకుంటావ్?"

"ఎవరో ఒకరు చెయ్యాలిగా."

"పదకొండు పేర్లూ అయిపోయాయి. సోమవారం వెబ్‌సైట్లోకి ఎక్కించేద్దాం."

"ఇంకో లింకుంది. ఐదో పేజీలో, ఈ వాక్యానికి."

యింగ్వె వంగి చదివాడు. 'ప్రమాదానికి ముందు మున్సిపాలిటీకి ఎలాంటి హెచ్చరికా అందలేదు.'

"దీనికి లింకేమిటి? అందనిదానికి పేజీ ఎక్కణ్నుంచి తెస్తావ్?" నవ్వాడు. "ముందు ఇది తిను, చల్లారిపోతోంది."

అతను వెళ్లేదాకా ఆగింది.

నివేదిక చివర ఏడు వందల పేజీల అనుబంధం ఉంది. మున్సిపాలిటీ ఆఫీసు వాళ్లు అట్టపెట్టెల్లో అప్పగించిన పాత ఉత్తరాలన్నీ వచ్చినవి వచ్చినట్టు స్కాన్ చేసి పెట్టారు. అన్నీ చదివే ఓపిక విచారణ సంఘంలో ఎవరికీ లేకపోయింది.

హాల్డిస్ 'అందలేదు' అన్న మాటను ఎంచుకుంది. పక్కన 1127 అని కొట్టింది. రెండుసార్లు తప్పు పడింది. సోమవారం దాకా ఆగితే తనకు ధైర్యం చాలదని తెలుసు. అప్పుడే వెబ్‌సైట్లోకి ఎక్కించేసింది.

ఇక ఆ మాటను ఎవరు నొక్కినా తెరుచుకునేది, ఇళ్ల వెనక నేల పగుళ్లిస్తోందని స్కారెలియా వాళ్లు ప్రమాదానికి ఏడు నెలల ముందు పెట్టుకున్న అర్జీ, దాని మూలన 'తొందరేం లేదు, ఫైల్లో ఉంచండి' అని రాసి హాల్డిస్ చేసిన సంతకం.