మూతికి పట్టని గుండ్లు

సైన్యంలో ఫిరంగులు పేల్చే మాసే, చేతిలోని ఇనుప కొలతబిళ్లను కొత్త ఫిరంగి మూతికి ఆనించి చూసి, "ఇది పనికిరాదు" అన్నాడు.

లియోన్ నగరంలో ఫిరంగుల పోతకి పేరున్న మేస్త్రీ ఆంతెల్మ్ పకపకా నవ్వాడు. "ముప్పై ఏళ్లుగా పోస్తున్నాను. ఒకదాని పోలిక ఇంకోదానికి రానివ్వలేదు. నీ రొట్టెబిళ్లతో నాకు వంకలు పెడతావుటయ్యా?"

"రాజుగారి ఆజ్ఞ. ఇకమీదట ఫిరంగి మూతులకి ఆరే కొలతలు."

"రాజుగారికేం తెలుసు? ఫిరంగంటే చెంబూ తప్పేలానా? నా ఫిరంగికి సరిపడా గుండ్లు నేనే పోసిస్తున్నాగా!"

"పోసిచ్చారు. మొన్న శత్రువుల కోట ముట్టడిలో అవి రెండో రోజుకే అయిపోయాయి." మాసే గొంతులోంచి మర్యాద జారిపోయింది. "పక్క ఫిరంగుల దగ్గర మూడొందల గుండ్లున్నాయి. ఒక్కటీ నీదాని మూతికి సరిపోలేదు. చిన్నవాటికి గుడ్డలు చుట్టి పేల్చాం. గుండు నలభై బారల దూరంలో పడి దొర్లింది. గోడమీద శత్రువులు చప్పట్లు కొట్టారు, మేస్త్రీ!"

"తర్వాత?"

"కోట తలుపులు తెరుచుకుని మామీద పడ్డారు. నీ ఫిరంగి దగ్గర పద్దెనిమిది మందిమి ఉన్నాం. నీ పనితనం పొగడ్డానికి నేనొక్కణ్ణే మిగిలాను."

ఆంతెల్మ్ బిళ్ల కోసం చెయ్యి చాచాడు. అది తీసుకుని, మర్నాడు కంచు పోయాల్సిన మట్టి అచ్చు దగ్గరికి వెళ్లాడు. లోపలి కొలత చూశాడు. వేలెడు తేడా ఉంది.

"పగలగొట్టండి" అన్నాడు పనివాళ్లతో.

వాళ్లు నమ్మలేక నిలబడిపోతే, సుత్తి తానే అందుకున్నాడు.