గేదె కొమ్ము మీద చిలక

గూటిలోంచి జారి దొడ్లో పడ్డ చిలకపిల్లను ముసలి గేదె చేరదీసింది. పిల్ల తింటుందని ఎండబోసిన మిరపపండొకటి కొమ్ముకు గుచ్చుకుని, అది బెదురుతుందని ఈగలు ముసిరినా చెవి కదపకుండా నిలబడేది. నాలుగోనాటికి పిల్ల కొమ్మెక్కింది. నెల తిరిగేసరికి పిలిస్తే ఎగిరొచ్చి వాలేది.

“రెక్కలు కత్తిరించవే, లేకపోతే పోతుంది” అని కాకి రోజూ పోరేది. గేదె వినలేదు.

ఒకనాడు చిలకల గుంపొచ్చింది. పిల్ల వాటితో ఎగిరిపోయింది.

“చెప్పానా?” అంది కాకి.

గేదెకు గడ్డి సయించలేదు. అయినా పిలవలేదు.

పొద్దువాలే వేళకు పిల్ల తనంతట తనే వచ్చి, ముక్కున జామకాయ ముక్కతో కొమ్ము మీద వాలింది.

గేదె తల మరికాస్త ఎత్తింది. “కత్తిరించి ఉంటే ఇక్కడే ఉండేది కాకమ్మా. తిరిగొచ్చేది మాత్రం కాదు.”